పగడాల పాఠానికి పాత లెక్క ఏది?

పగడపు దిబ్బల దగ్గరికి విద్యార్థులను తీసుకెళ్లే యాత్రలు మంచివే. కానీ వాళ్లు చూస్తున్నది తోటనో, శిథిలాన్నో చెప్పేవారే తక్కువ.

స్నార్కెలింగ్‌లో మొదట భయపెట్టేది సముద్రం కాదు, ఊపిరి. ముక్కును మూసేసే అద్దాల తొడుగు, పళ్ల మధ్య ఇరికించుకున్న రబ్బరు గొట్టం, ముఖం నీళ్లలో. పుట్టినప్పటి నుంచీ ముక్కుతో గాలి పీల్చిన పిల్లవాడిని ఇక నోటితోనే పీల్చమంటే రెండుసార్లు ప్రయత్నిస్తాడు, మూడోసారి ఉప్పునీళ్లు మింగుతాడు, గాభరాగా కాళ్లు కిందపెట్టి నిలబడతాడు. తీరానికి దగ్గర్లో నిలబడేంత లోతే ఉంటుంది కాబట్టి అది సహజం. చిక్కేమిటంటే కాళ్ల కింద ఉన్నది నేల కాదు. బండరాయిలా కనిపించే ఆ పగడపు గుట్ట ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతూ వచ్చింది. తొమ్మిదో తరగతి కుర్రాడి మోకాలి ఎత్తుందంటే దానికి అతడి తండ్రి వయసు ఉంటుంది.

అండమాన్ దీవులకైనా, లక్షద్వీప్‌కైనా విద్యార్థులను తీసుకెళ్లే యాత్రల్లో మొదటి పది నిమిషాలూ ఇలాగే గడుస్తాయి. ఆ తర్వాత గాభరా తగ్గుతుంది. లైఫ్ జాకెట్ తేలుస్తుందన్న నమ్మకం కుదురుతుంది. అప్పుడు చెవులు పనిచేయడం మొదలుపెడతాయి. నీళ్ల అడుగున నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నవాళ్లకు ఎవరో శనగలు నములుతున్నట్టు కరకర వినిపిస్తుంది. అది చిలుక చేప. ముక్కులాంటి పళ్లతో పగడాన్ని గీకి, దాని మీది నాచు తిని, మిగిలిన సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక తయారు చేయగలదు. పడవ దిగి ఫొటోలు తీయించుకున్న తెల్లటి ఇసుక తీరంలో కొంత భాగం ఎక్కడి నుంచి వచ్చిందో విన్నాక పిల్లలు పడీపడీ నవ్వుతారు. క్లౌన్ చేపను చూడగానే 2003 నాటి ‘ఫైండింగ్ నీమో’ సినిమా పేరు అరుస్తారు. తల్లి చనిపోతే ఆ జాతిలో తండ్రి చేప కొన్నాళ్లకు ఆడచేపగా మారుతుందన్న సంగతిని మాత్రం ఆ సినిమా చెప్పలేదు. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత తొందరగా ఇంత ఆసక్తి పుట్టించలేదు. ఈ యాత్రల విలువ అదే, దాన్ని కాదనలేం.

నిజానికి తెలుగు పిల్లలకు పగడం కొత్త మాట కాదు. అమ్మ మెడలో నల్లపూసల మధ్య ఉంటుంది. కుజదోషం పేరు చెప్పి ఉంగరంలో పెట్టిస్తారు. అయితే ఆ ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరే జాతి, అది దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టేవి మన పుస్తకాల్లో ‘ప్రవాళ భిత్తికలు’ అనే నోరు తిరగని పేరుతో దాక్కున్నాయి. వాటిలో రకాలు బట్టీపట్టి పరీక్షలో రాసేసిన విద్యార్థికి ఆ రెండూ బంధువులేనన్న అనుమానం కూడా రాదు. పైగా గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీరూ ఒండ్రూ పగడాలకు గిట్టవు. అందుకే ఇంత పొడవైన ఆంధ్ర తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. దేశంలో ప్రధానంగా నాలుగు చోట్లే ఉన్నాయి: అండమాన్ నికోబార్, లక్షద్వీప్, తమిళనాడు దిగువన మన్నార్ సింధుశాఖ, గుజరాత్‌లో కచ్ సింధుశాఖ. చూడాలంటే ప్రయాణం తప్పదు.

ప్రయాణం పెరిగేకొద్దీ తొక్కే కాళ్లూ పెరుగుతాయి. ఈ సంగతిని కాస్త ముందుగా పట్టించుకున్నది అండమాన్‌లోని మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు. 1983లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. 2024లో శ్రీవిజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్‌బ్లెయిర్ నుంచి వండూర్ జెట్టీకి వెళ్లి అక్కడ పడవ ఎక్కాలి. ఇక్కడ పద్ధతేమిటంటే, వర్షాలు లేని నెలల్లో జాలీ బాయ్ దీవిని తెరుస్తారు, మిగతా నెలల్లో దాన్ని మూసి రెడ్ స్కిన్ దీవిని తెరుస్తారు. పొలాన్ని బీడుగా వదిలినట్టు ఒక దీవికి విశ్రాంతి. ప్లాస్టిక్ సంచులూ సీసాలూ జెట్టీ దగ్గరే ఆపేస్తారు. దేశంలో పర్యాటకులు కొంచెం విసుక్కుంటూనైనా పాటించే నియమాల్లో ఇదొకటి.

అక్కడి నుంచి మరో దీవికి వెళ్తే దృశ్యం మారిపోతుంది. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా మారిన హేవ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ అందరికీ తెలిసిన చోటు. ఈత రానివాళ్లు రబ్బరు ట్యూబు పట్టుకుంటే గైడు దాన్ని లాక్కుంటూ వెళ్తాడు. పక్కనే నీటి స్కూటర్ల రొద. పర్యాటకుడికి మిగిలేది కొద్ది నిమిషాల చూపు, ఒక వీడియో. అందులో చదువు ఎంత అని అడగడం అన్యాయమే, వాళ్లు చదువు పేరుతో రాలేదు కదా. కానీ చదువు పేరుతో వచ్చిన బృందాలకూ చాలాసార్లు ఇదే ట్యూబు, ఇదే వీడియో దక్కుతున్నాయి.

కచ్ సింధుశాఖలో వ్యవహారం పూర్తిగా వేరు. 1982లో దేశంలో మొట్టమొదటి సముద్ర జాతీయ పార్కు వచ్చింది అక్కడే. జామ్‌నగర్ సమీపంలోని నరారా వద్ద పోటు తగ్గాక సముద్రం దూరంగా వెనక్కి జరుగుతుంది. అద్దాలూ గొట్టాలూ అవసరం లేకుండా చీలమండల లోతు నీళ్లలో నడుస్తూ పగడాలు, పీతలు, అదృష్టముంటే ఆక్టోపస్ చూడొచ్చు. ఈత రాని పిల్లలున్న బడికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. దిబ్బకు ఇంతకన్నా ప్రమాదకరమైనదీ లేదు. తేలేవాడు కాలు కిందపెట్టకుండా ఉండగలడు, నడిచేవాడు ఎలా ఉంటాడు?

అయితే కాళ్లూ రబ్బరు రెక్కలూ చేసే నష్టం కళ్లకు కనిపించేది. అసలు నష్టం వేరే ఉంది. పగడం అంటే ఒక జీవి కాదు, వేలాది చిన్న జీవుల కాలనీ. ఒక్కో జీవి శరీరంలో సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. ఎండను ఆహారంగా మార్చి ఇంటి యజమానికి అవసరమైన శక్తిలో సింహభాగం, కొన్ని జాతుల్లో 90 శాతం దాకా, అదే సమకూరుస్తుంది. పగడానికి రంగు ఇచ్చేది కూడా చాలామటుకు ఆ నాచే. ఆ ప్రాంతంలో మామూలుగా ఉండే వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు కొనసాగితే చాలు, ఈ కాపురం చెడుతుంది. నాచు బయటికి పోతుంది, పల్చని కండ కింద సున్నపు ఎముక తెల్లగా మెరుస్తుంది. దీన్నే తెల్లబారడం అంటున్నారు. వెంటనే చచ్చిపోదు. నీళ్లు చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది.

1998లో ప్రపంచవ్యాప్తంగా ఇలా జరిగింది. 2010లో మళ్లీ, 2014 నుంచి 2017 వరకు మరోసారి. నాలుగో విడత మొదలైందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. 2023 చివర్లో మొదలైన సముద్రపు వడగాడ్పులతో లక్షద్వీప్ పగడాలు తీవ్రంగా తెల్లబారినట్టు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024లో గుర్తించింది. అగత్తి, కద్మత్, కవరత్తి దీవుల్లో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు 24 ఏళ్లపాటు కొలిచిన లెక్క ఇంకా సూటిగా ఉంది. 1998లో అక్కడి దిబ్బల్లో సజీవ పగడం వాటా సుమారు 37 శాతం, 2022కు అది 20 శాతం లోపు. అంటే దాదాపు సగం పోయింది. పగడపు సున్నం మీదే నిలబడిన ద్వీప సమూహానికి ఇది పర్యావరణ వార్త మాత్రమే కాదు, కాళ్ల కింది నేలకు సంబంధించిన వార్త.

ఇప్పుడు ఆ 20 శాతం మీద తేలుతున్న విద్యార్థి సంగతి చూడండి. అతడికి చేపలు కనిపిస్తాయి, రంగులు కనిపిస్తాయి, అబ్బురపడతాడు. మిగతా 80 శాతంలో ఎంత ఒకప్పుడు పగడమో అతడికి తెలిసే దారి లేదు. తెల్లబారిన పగడమైతే మరీ మోసం. నీళ్లలో ముత్యంలా మెరుస్తుంది. కొన్ని జాతులు చనిపోయే ముందు నీలం, గులాబీ రంగుల్లో వెలుగుతాయి. అన్నిటికన్నా ఎక్కువ ఫొటోలు వాటికే. జబ్బు మనిషి పాలిపోయిన ముఖం చూసి తెల్లగా బాగున్నావని మెచ్చుకున్నట్టు. మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో ఈ పొరపాటును ఎత్తిచూపారు. ప్రతి తరమూ తాను మొదట చూసినదే అసలు స్థితి అనుకుంటుంది, తర్వాతి నష్టాన్ని అక్కడి నుంచే లెక్కపెడుతుంది. ఆయన చెప్పింది చేపల నిల్వలు అంచనా వేసే శాస్త్రవేత్తల గురించి. బస్సు నిండా వచ్చే విద్యార్థులకు అది రెట్టింపు వర్తిస్తుంది. యాత్ర ఆసక్తిని పుట్టిస్తుంది, సరే. ‘అంతా బాగానే ఉంది’ అన్న నమ్మకాన్ని కూడా పుట్టిస్తే అలాంటి చదువు వల్ల లాభం కన్నా నష్టం ఎక్కువ.

మందు పెద్ద ఖరీదైనది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన కోరల్‌వాచ్ అనే కార్యక్రమం ఒక ప్లాస్టిక్ కార్డు తయారు చేసింది. దాని మీద లేత నుంచి ముదురు దాకా 1 నుంచి 6 వరకు అంకెలు వేసిన రంగుల గళ్లు ఉంటాయి. విద్యార్థి ఒక పగడాన్ని ఎంచుకుని, కార్డును ముట్టించకుండా దగ్గరగా పట్టుకుని, దానిలో అన్నిటికన్నా లేత భాగానికీ ముదురు భాగానికీ సరిపోయే అంకెలు రాసుకోవాలి. అది కొమ్మల్లా ఉందా, గుట్టలా ఉందా, పళ్లెంలా ఉందా అన్నది కూడా రాయాలి. తర్వాత మరో పగడం. రంగు పాలిపోతోందంటే నాచు తగ్గుతోందని అర్థం. పెయింట్ల దుకాణంలో గోడ రంగు ఎంచుకునే పట్టీ చూసినవారెవరికైనా ఇది పది నిమిషాల్లో వచ్చే విద్య. ఒక్క రోజు రాసుకున్న అంకెలతో పెద్దగా ఉపయోగం లేదు. అదే దీవిలో, అదే చోట, అదే నెలలో ఏటా ఒక బడి పిల్లలు రాస్తే పదేళ్లకు అది దస్తావేజు అవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. చేతిలో కార్డూ పెన్సిలూ ఉన్న పిల్లవాడు పగడాన్ని పట్టుకోడు, చేపల వెంట పడడు. ఒకచోట కదలకుండా తేలుతాడు.

అయితే అంతకుముందు ఒక పని ఉంది, దానికే ఎవరూ సమయం ఇవ్వరు. కొలనులోనో, ఇసుక అడుగున్న చోటనో ఒక పూట ఊపిరి సాధన. గొట్టంతో గాలి పీల్చడం, అద్దాల్లో చేరిన నీళ్లు వదలడం, భయమేస్తే నిలబడకుండా వెల్లకిలా తిరగడం. ఈ మూడూ వచ్చేదాకా దిబ్బ మీదికి వదలకూడదు. రెండు పగళ్లు, మూడు రాత్రుల ప్యాకేజీలో ఈ పూట ఎప్పుడూ ఇమడదు.

ఎవరు వెళ్తున్నారన్నది ఇంకో ప్రశ్న. విమానం ఖర్చు భరించగల నగరాల బడులే ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వారిలో చాలానే ఉన్నాయి. వాళ్ల పెద్దలకు ఏ దిబ్బ దగ్గర ఏ చేప పడుతుందో, 2004 సునామీ భూకంపంతో ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి పగడాలు ఎండకు ఎండిపోయిన చోట్లు ఎక్కడో చెప్పనక్కర్లేదు. పాత లెక్క కావాలంటే అడగాల్సింది వారినే. యాత్రా బృందాల పట్టికలో మ్యూజియం ఉంటుంది, సెల్యులార్ జైలు ఉంటుంది. చేపల రేవులో ఒక సాయంత్రం కూర్చుని ముసలాయనతో తెలుగులో మాట్లాడటం ఉండదు. హైదరాబాద్ పిల్లలకు దానికి దుభాషి కూడా అక్కర్లేదు.

దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో పులితో సమానం. ఈ మాట విద్యార్థులకు చెప్పేటప్పుడు కొంచెం ఇబ్బంది తప్పదు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి పొందిన గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు పత్రాల్లోనే 16 వేలకు పైగా పగడపు కాలనీలను మరోచోటికి తరలించాలన్న ప్రస్తావన ఉంది. పులిని అలా తరలిస్తామంటే ఎంత గొడవయ్యేది? తెలివైన పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. గైడు దగ్గర జవాబు ఉండదు, టీచరు దగ్గరా ఉండదు.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం దగ్గర సామాను తనిఖీ ఉంటుంది. తీరంలో ఏరుకున్న పగడపు ముక్కలూ గవ్వలూ బయటపడితే తీసేసుకుంటారు. జ్ఞాపకంగా దాచుకుందామనుకున్న పిల్లల ముఖాలు చిన్నబోతాయి. బృందం అంకెలు రాసి ఉంటే ఆ కాగితాలు మాత్రం ఎవరూ ఆపరు. అవి బడికి చేరతాయి, సైన్సు ల్యాబు బీరువాలోకి వెళ్తాయి. మరుసటి ఏడు వేరే తరగతి, బహుశా వేరే టీచరు, తక్కువ ధరకు దొరికిన వేరే దీవి. బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోవాలి.