అంటుకుంటే చాలదు, సుఖంగా ఊడాలి

జిగురు టేపు కొనేటప్పుడు మనం చూసేది ఒక్కటే, గట్టిగా అంటుతుందా లేదా అని. తీసేటప్పుడు ఎలా ఊడుతుందని అడిగేవాళ్లు అరుదు. ఆ ప్రశ్నను పనిలో భాగంగా పట్టించుకున్నవాళ్లు సినిమావాళ్లు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం మందుగుండు పెట్టెలకు వాడిన డక్ట్ టేపు, యుద్ధం ముగిశాక అన్ని పనులకూ వాడుకలోకి వచ్చింది. కానీ దాని జిగురు స్టూడియో లైట్ల వేడికి కరిగి, గోడల మీదా కేబుళ్ల మీదా బంకగా మిగిలిపోయేది. 1959లో రాస్ లోవెల్ అనే అమెరికన్ ఛాయాగ్రాహకుడు లైట్ల పనికి పనికొచ్చేలా గుడ్డ వెన్నుతో వేరే టేపు తెచ్చాడు. లైట్ల పెద్దను అక్కడ గాఫర్ అంటారు కాబట్టి దానికి గాఫర్ టేపు అనే పేరు పడింది. అద్దెకు తీసుకున్న బంగళా గోడకు పొద్దున అంటించిన టేపు సాయంత్రం మచ్చ లేకుండా రావాలి, కత్తెర లేకుండా చేత్తో తెగాలి, కెమెరా ముందు మెరవకూడదు. మామూలు టేపు కన్నా బాగా ఖరీదైనా షూటింగువాళ్లు దాన్నే కొంటారు. గోడకు మళ్లీ రంగు వేయించడం కన్నా అదే చౌక అని వాళ్లకు తెలుసు. గోడ విషయంలో ఇంత ముందుచూపు ఉన్నప్పుడు మనిషి చర్మం విషయంలో ఎంత ఉండాలి? ఈ ప్రశ్న అన్నిచోట్లకన్నా గట్టిగా అడగాల్సిన చోటు ఆంధ్రప్రదేశ్‌లో ఉద్దానం.

ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా, పొలం పని చేసుకునే నడివయసువాళ్లకు కూడా ఇది వస్తోంది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లోనూ ఇలాంటిదే ఉంది. మూలకారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా అదే రోజున మొదలైంది. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి, హరిపురాల్లో డయాలసిస్ కేంద్రాలు వచ్చాక, ఒకప్పుడు విశాఖపట్నమో బరంపురమో పోవాల్సిన జనానికి ప్రయాణం తగ్గింది. ఇవన్నీ కావలసినవే. వాటిమీద చర్చ ఎంతో జరిగింది, ఇంకా జరగాలి. నేను చెప్పదలచుకున్నది వాటన్నిటికన్నా చాలా చిన్న వస్తువు గురించి. ప్రతి డయాలసిస్‌లోనూ రోగి చేతికి అంటి, ప్రతిసారీ ఊడే టేపు ముక్క గురించి. దాన్ని అంటే తీరు చూసి మాత్రమే కాక, ఊడే తీరు చూసి కూడా కొనాలన్నది నా వాదన.

లెక్క వేసి చూద్దాం. వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి 156 సార్లు. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు, ఉన్న చేతికి ప్రతిసారీ రెండు సూదులు. ఒకదాని ద్వారా రక్తం మిషన్‌లోకి వెళుతుంది, రెండోదాని ద్వారా శుభ్రపడి తిరిగొస్తుంది. సూదికి మూడు ముక్కలు, సూది తీశాక గాజ్ మీద ఒక ముక్క అనుకున్నా పూటకు ఎనిమిది, ఏడాదికి దాదాపు 1250 ముక్కలు. ఇవన్నీ పడేది ఒకే చేతి మీద, చాలావరకు జానెడు మేర చర్మం మీద. ఆ చర్మం కూడా మామూలు చర్మం కాదు. కిడ్నీలు పనిచేయనివాళ్లకు ఒళ్లు పొడిబారుతుంది, దురద పెడుతుంది, పలచబడుతుంది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి చిన్న గీరుకే కమిలిపోతుంది. పైగా ఇక్కడివాళ్ల చేతులు ఎండకూ ఉప్పుగాలికీ జీడి రసానికీ ముందే నలిగి ఉన్నవి. పొరపాటున ఆ మేర చర్మం రేగితే తర్వాతి సూది గుచ్చే చోటు కరువవుతుంది. రేగిన చోటినుంచి క్రిములు లోపలికి పోతే, ఆ రోగికి ప్రాణాధారమైన ఫిస్టులాకే ముప్పు.

టేపు ఎందుకు ఊడుతుంది, ఎందుకు బంక మిగులుస్తుంది అన్నది పెద్ద రహస్యమేమీ కాదు. టేపు అంటిన చోట మూడు పట్లు ఉంటాయి. జిగురుకు వెన్నుగుడ్డతో ఉన్న పట్టు ఒకటి, జిగురు తనలో తాను ఉంచుకునే పట్టు రెండోది, జిగురుకు ఎదుటి వస్తువుతో ఉన్న పట్టు మూడోది. లాగినప్పుడు వీటిలో ఏది బలహీనమైతే అది తెగుతుంది. ఎదుటి వస్తువుతో ఉన్న పట్టు మిగతా రెండిటికన్నా కాస్త తక్కువగా ఉండేలా జిగురు పాకం కుదిరితే టేపు శుభ్రంగా వస్తుంది. గాఫర్ టేపు గొప్పతనమంతా ఇదే. అదైనా నెలల తరబడి ఎండలో వదిలేస్తే పాకం చెడి బంక మిగులుతుంది. చర్మం దగ్గరికి వచ్చేసరికి నాలుగో పట్టు ఒకటి కలుస్తుంది, అది చర్మం పొరలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే పట్టు. గోడకు సున్నం లేచిపోయినట్టు, ఆ పట్టు జిగురు కన్నా బలహీనమైతే టేపుతో పాటు చర్మం పైపొర లేచి వస్తుంది. కర్మాగారాల్లో టేపు పట్టును సాధారణంగా స్టీలు పలక మీద అంటించి లాగి కొలుస్తారు. డెబ్బయ్యేళ్ల రైతు ముంజేతి గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. టేపు తీశాక అరగంట దాటినా ఎర్రదనం, పొక్కు, చర్మం లేవడం లాంటివి కనిపిస్తే దాన్ని టేపు వల్ల కలిగిన గాయంగానే లెక్కించాలని 2013లో అమెరికాలో నిపుణుల బృందం ఒకటి నిర్వచించింది. ఆ లెక్కన చూస్తే మనం మామూలుగా పట్టించుకోకుండా వదిలేసేవాటిలో ఎన్నో గాయాలే.

ఆసుపత్రుల్లో టేపు అంటే ఒకటే రకం కాదు. ఎప్పటినుంచో ఉన్నది తెల్ల గుడ్డ ప్లాస్టర్. రబ్బరు జిగురులో జింక్ ఆక్సైడ్ కలిపి చేస్తారు. పెట్టిన క్షణంలోనే పట్టేస్తుంది, చౌక. తీశాక అంచుల వెంబడి మురికి పట్టి నల్లటి గీత మిగిలేది దీనికే. ఆ గీతను పోగొట్టడానికి స్పిరిటుతోనో గోటితోనో గీకడం మొదలవుతుంది, అది రెండో గాయం. 1960లో త్రీఎం సంస్థ తెచ్చిన మైక్రోపోర్ తరహా కాగితం టేపు యాక్రిలిక్ జిగురుతో వస్తుంది. గాలి ఆడుతుంది, మెత్తగా ఊడుతుంది. కానీ తడిస్తే బలం పోతుంది, గంటలు గడిచేకొద్దీ పట్టు పెరుగుతుంది. డయాలసిస్ అయ్యాక వేసిన ముక్కను కొన్ని గంటల్లో తీయకుండా మర్నాటిదాకా ఉంచేస్తే తీయడం కష్టమయ్యేది అందుకే. పట్టువస్త్రంలాంటి గుడ్డ వెన్నుతో వచ్చే యాక్రిలిక్ టేపులు ట్యూబులను బాగా పట్టుకుంటాయి. సిలికాన్ జిగురు టేపు అన్నిటికన్నా సున్నితం, తీసి మళ్లీ అంటించవచ్చు, చర్మం పొరలను లాగదు. అయితే ఖరీదెక్కువ, ప్లాస్టిక్ ట్యూబు మీద పట్టు తక్కువ.

ఇక్కడే ఈ వాదన మీద అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వస్తుంది. సుఖంగా ఊడే టేపు డయాలసిస్ మధ్యలో తనంతట తానే ఊడితే? ఈ భయం న్యాయమైనది. మిషన్ నిమిషానికి 300 మిల్లీలీటర్ల రక్తం తిప్పుతున్నప్పుడు తిరుగు రక్తం వచ్చే సూది చేతి నుంచి జారితే, అయిదు నిమిషాల్లో లీటరున్నర బయటికి పోతుంది. మనిషి ఒంట్లో ఉండేది సుమారు అయిదు లీటర్లు. సూది సన్నగా ఉండి దానిలోంచి రక్తం పోవడానికే కొంత ఒత్తిడి కావాలి కాబట్టి, సూది ఊడినా మిషన్‌లో ఒత్తిడి పెద్దగా తగ్గకపోవచ్చు, అలారం మోగకపోనూవచ్చు. దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న రోగి విషయంలో ఇది ప్రాణాంతకం. అందుకే అనుభవం ఉన్న నర్సులు సూదిని అడ్డంగా ఒక ముక్కతో మాత్రమే కట్టిపెట్టరు. సూది రెక్కల మీద ఒక ముక్క వేస్తారు. తర్వాత సన్నటి ముక్కను జిగురు వైపు పైకి ఉండేలా ట్యూబు కిందుగా దూర్చి, రెండు కొసలనూ రెక్కల మీదుగా అడ్డంగా దాటించి ఎదురెదురుగా అంటిస్తారు. పైనుంచి చూస్తే గద్ద రెక్కలు విప్పినట్టు ఉంటుంది. ట్యూబును కాస్త ఎడంగా వంచి, బిగుతు లేకుండా చేతికి ఇంకో ముక్కతో ఆనిస్తారు. చెయ్యి కదిలినా లాగుడు సూది మీద పడదు.

నా జవాబు ఏమిటంటే, సూదిని పట్టుకునే పనీ గాజ్‌ను పట్టుకునే పనీ ఒకటి కావు, రెండిటికీ ఒకే టేపు వాడాలన్న నియమమూ లేదు. సూది దగ్గర గట్టి గుడ్డ టేపే ఉండాలి, అక్కడ సిలికాన్ పెట్టమని ఎవరూ అడగరు. సూది తీశాక రక్తం ఆగడానికి పెట్టే గాజ్ మీద, మెడలో పెట్టిన క్యాథెటర్ చుట్టూ చర్మం పలచగా ఉన్న చోట, వృద్ధుల విషయంలో సున్నితమైన టేపు కావాలి. ఆ భేదం పాటిస్తే గట్టి టేపు చర్మం మీద పడే ముక్కలు తగ్గుతాయి, ఖర్చు కూడా మొత్తానికి పెద్దగా పెరగదు, ఖరీదైనది కొన్ని ముక్కలకే పరిమితమవుతుంది. పైగా టేపు ఊడిపోవడానికి కారణం చాలాసార్లు టేపు కాదు, కింద ఉన్న చర్మం. తీరప్రాంతపు ఉక్కలో చెమట పట్టిన చెయ్యి మీదా, కొబ్బరినూనె రాసుకొచ్చిన చెయ్యి మీదా ఏ జిగురూ నిలవదు. కొబ్బరితోటల మధ్య బతికే ఊళ్లలో దురదకు నూనె రాసుకోవడం సహజం. డయాలసిస్ లేని రోజున రాసుకుని, ఉన్న రోజున ఫిస్టులా చెయ్యి సబ్బుతో కడుక్కుని బాగా ఆరబెట్టుకుంటే టేపుకు సగం పని తప్పుతుంది.

తీసే పద్ధతికి డబ్బు ఖర్చు లేదు, కావలసింది అర నిమిషం. ఒక్కసారిగా లాగేస్తే నొప్పి తెలియదన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. జిగురు గుణం దానికి వ్యతిరేకం, ఎంత వేగంగా లాగితే అంత గట్టిగా ఎదురుతిరుగుతుంది. టేపును పైకి ఎత్తి లాగకుండా దాని వీపు మీదికే మడిచి, చర్మానికి ఆనించి, వెంట్రుకలు వాలిన దిక్కుగా, రెండో చేతి వేలితో చర్మాన్ని నొక్కిపట్టి నెమ్మదిగా తీయాలి. మొండిగా ఉంటే అంచు తడిపి తీయవచ్చు. అంటించేటప్పుడు కూడా సాగదీసి అంటించకూడదు. సాగిన టేపు తిరిగి ముడుచుకునేటప్పుడు చర్మాన్ని లాగి పొక్కు లేపుతుంది. షిఫ్టులో ఒకరి తర్వాత ఒకరిని చూసుకోవాల్సిన నర్సుకు తీరిక ఎక్కడిది అంటే, ఆ మాటలో నిజం ఉంది. కానీ రేగిన చర్మానికి కట్టు కట్టడానికీ, సూదికి కొత్త చోటు వెతకడానికీ పట్టే సమయం ఎక్కువ. తీరిక దొరకనంత తక్కువమంది నర్సులను నియమిస్తే అది నియామకాల లోపం, దాని బరువు రోగి చర్మం మోయకూడదు.

ఇంకొక సంగతి, నా దృష్టిలో టేపు రకం కన్నా అత్యవసరమైనది. ఒకే టేపు చుట్టను పడక నుంచి పడకకు తిప్పడం, ముక్కలు ముందే చింపి బల్ల అంచుకో మిషన్ అంచుకో అంటించి ఉంచుకోవడం ఆసుపత్రుల్లో సులువుగా అబ్బే అలవాట్లు. టేపు చుట్టను కడగలేం, మరిగించలేం. డయాలసిస్ గదుల్లో హెపటైటిస్ బి, సి భయం ఎప్పుడూ ఉంటుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2001లోనే జిగురు టేపును పేరుపెట్టి చెప్పింది, కడగలేని ఇలాంటి వస్తువులను ఒక్క రోగికే కేటాయించాలని. రోగికొక చిన్న చుట్ట ఇస్తే వృథా అవుతుందనే అభ్యంతరం ఉండొచ్చు. వారానికి మూడుసార్లు వచ్చే మనిషికి అది వృథా కాదు, పేరు రాసిన కవర్లో పెట్టి మళ్లీ వాడితే చాలు.

నీళ్ల గురించి, జబ్బు మూలం గురించి మాట్లాడాల్సిన సమయంలో టేపు గురించి గొడవా అని కొందరు అనవచ్చు. మూలం తేలేదాకా పడక మీద ఉన్నవాళ్ల చెయ్యి ఆగదు. పరిశోధన తన దారిన తాను సాగుతుంది, టేపు మాత్రం వచ్చే టెండరులోనే మారగలదు.

కనుక అడగాల్సినవాళ్లను అడుగుదాం. ప్రభుత్వ ఆసుపత్రులకు సామగ్రి కొనే ఆంధ్రప్రదేశ్ వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ, డయాలసిస్ కేంద్రాలు నడిపే ప్రైవేటు భాగస్వాములు టేపు కొనేటప్పుడు వెడల్పు, పొడవు, ధరతో ఆగకూడదు. సూదికి ఒక రకం, గాజ్‌కు ఒక రకం అని విడిగా రాయాలి. నమూనాలను పలాస కిడ్నీ ఆసుపత్రిలోనే, ఆ ఉక్కలోనే, అక్కడి నర్సుల చేత నాలుగు గంటలు వాడించి, తీశాక అరగంటకు చర్మం ఎలా ఉందో చూసి ఎంపిక చేయాలి. ఆ పరిశీలనకు కొత్త పరికరాలు అక్కర్లేదు. రోగులకూ వాళ్లను తీసుకొచ్చే ఇంటివాళ్లకూ ఒక మాట. ఈ టేపు చుట్ట మాకు విడిగా పెట్టారా అని అడగండి, డయాలసిస్ జరుగుతున్నంతసేపూ సూదులున్న చెయ్యి దుప్పటి బయటే ఉంచండి, ఇంటికెళ్లాక గాజ్ ఎన్ని గంటలకు తీయాలో కేంద్రంలో అడిగి తెలుసుకుని, తీసేటప్పుడు నెమ్మదిగా మడిచి తీయండి.