మొదటి నాలుగు, చివరి నాలుగు

క్రిప్టో ధనమును పంపువారికి మనవారు ఒసగు ఉపదేశమొక్కటే: "చిరునామాను మరల సరిచూచుకొనుము, మొదటి నాలుగక్షరములును చివరి నాలుగక్షరములును కలిసినచో నిశ్చింతగా పంపుము." హైదరాబాదు కొలువులనుండి సెలవులకు వచ్చి ఎర్రుపాలెం స్టేషనులో రైలు దిగు సాఫ్ట్‌వేరు యువకులు సైతము దీనినే వేదవాక్యముగా వల్లించుచు, సొమ్ము పోగొట్టుకొన్నవానిని "కన్నులు లేవా?" అని ఒక్క ముక్కలో దోషిని చేయుచున్నారు. ఆ ఉపదేశము అరకొరది. ఈ తీర్పు అన్యాయమైనది.

ఇథీరియం చిరునామా యనగా, సున్నా-ఎక్స్ అను గుర్తు పిదప, పదునారు సంకేతములతో కూర్చిన నలువది అక్షరముల వరుస. దానిని సాంతముగా చదువుటకు ఎవరికి ఓపిక? ఆ సంగతి ఎరిగియే వాలెట్ల నిర్మాతలు పెక్కురు ఆద్యంతములను మాత్రము చూపి నడుమ చుక్కలు పెట్టిరి; తస్కరుడు ఆ చుక్కల చాటుననే మాటు వేసెను. మనము సొమ్ము పంపు మిత్రుని చిరునామాతో ఆద్యంతముల ఎనిమిది సంకేతములు కలియు చిరునామాను పుట్టించుటకు సగటున 429 కోట్ల యత్నములు కావలెను. వినుటకు దుస్సాధ్యముగా తోచును గాని, నేటి గ్రాఫిక్స్ కార్డులకు అది స్వల్పకాలపు పని. అట్లు పుట్టించిన చిరునామానుండి వాడు విలువ లేని చిల్లర మన వాలెట్‌కు పంపగా అది లావాదేవీల చిట్టాలో చేరును. మరునాడు మనము మిత్రుని చిరునామాయే అనుకొని దానిని కాపీ చేసి, మొదలును తుదియు శ్రద్ధగా సరిచూచుకొని, ఉన్నదంతయు దొంగకు సమర్పింతుము.

2024 మే 3న ఒక ఆసామి సుమారు 6.8 కోట్ల డాలర్ల విలువ గల 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లను (ఇథీరియంపై చెలామణి యగు బిట్‌కాయిన్ ప్రతిరూపములను) ఇట్లే పరులపాలు చేసెను. అతడు అజాగ్రత్తపరుడు కాడు. ముందు స్వల్పమొత్తము పంపి పరీక్షింపుమను రెండవ హితవును గూడ పాటించెను, ఆ పరీక్షయే దొంగకు ఆనవాలయ్యెను. అసలుకును నకిలీకిని మొదటి నాలుగును చివరి ఆరును కలిసినవి. దొంగ తరువాత చాలవరకు తిరిగి యిచ్చెననుట నిజమే. కాని దొంగ దయను భద్రతావిధానముగా లెక్కింపలేము గదా.

చెక్‌సమ్ ఉన్నదందురు. 2016లో విటాలిక్ బ్యూటెరిన్ ప్రభృతులు ప్రతిపాదించిన ఆ ఏర్పాటు అచ్చుతప్పును పట్టును. దొంగ చిరునామా అచ్చుతప్పు కాదు, సర్వలక్షణసంపన్నమైన మరియొక చిరునామా. ఇక నిపుణుల కన్నుల మాట: 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అను క్రిప్టో ఎక్స్ఛేంజీ సంస్థలో పలువురు ఒకే లావాదేవీని చూచి సంతకములు చేసిరి, తెర చూపినది ఒకటి, వారు సంతకించినది వేరొకటి, పోయినది దాదాపు 150 కోట్ల డాలర్లు. వారికిని కన్నులు లేవా?

సరిచూచుట వలదని నేననను. కాపీ చేసినదానిని మార్చివేయు వైరసులను పట్టుటకు చూపు అక్కరకు వచ్చును. భారమంతయు చూపుపై మోపుటయే నా ఆక్షేపణ. ఎర్రుపాలెం టీకొట్టులో యూపీఐతో పది రూపాయలు చెల్లించునప్పుడైనను అంగడివాని పేరు తెరపై కనబడును. ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌లలో సైతము గ్రహీత పేరు ముందే చూపు సదుపాయమును 2025 ఏప్రిల్ 1 లోపల కల్పింపవలెనని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరు 30న ఆదేశించెను. క్రిప్టో లాభములపై 30 శాతము పన్ను గొను ప్రభుత్వము, విలువ లేని ఆ చిల్లర లావాదేవీలను చిట్టాలో మరుగుపరచుమనియు, నలువది అక్షరములను సాంతముగా చూపుమనియు ఇక్కడి ఎక్స్ఛేంజీలను, వాలెట్లవారిని ఏల శాసింపరాదు? అంతవరకు పాఠకులు చిట్టానుండి చిరునామాను కాపీ చేయవలదు. గ్రహీతనుండియే స్వయముగా పొంది, నలువదింటిని ఫోనులో అతనితో చదివించుకొని, చిరునామాల పుస్తకములో భద్రపరచి, ఎల్లప్పుడు అక్కడినుండియే పంపవలెను.