ఉపకారం కాదు, ఉమ్మడి రుణం

‘ఉపకార వేతనం’ అన్న మాటలోనే ఒక వైరుధ్యం దాగి ఉంది. ఉపకారం ఇచ్చేవారి దయ. వేతనం పుచ్చుకునేవారి హక్కు. దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల విద్యార్థుల విషయంలో సమాజం మొదటి సగాన్నే గుర్తుపెట్టుకుంది. గత ప్రభుత్వం ఈ పథకానికి ‘విద్యాదీవెన’ అని పేరు పెట్టినప్పుడు వేతనం పూర్తిగా మాయమై ఆశీర్వాదం మాత్రమే మిగిలింది. ‘ప్రజల సొమ్ముతో చదువుతున్నవారికి బాధ్యత ఉండొద్దా?’ అన్న ప్రశ్న ఏటా ప్రవేశాల వేళ శ్రీకాకుళం, విజయనగరం కళాశాలల్లో వినిపిస్తూనే ఉంటుంది. ప్రశ్న న్యాయమైనదే. అయితే దాన్ని ఎవరిని అడుగుతున్నాం, ఎవరిని అడగకుండా వదిలేస్తున్నాం అన్నదే ఆలోచించవలసిన విషయం.

చదువుకు సాయం మన ప్రాంతానికి కొత్త కాదు. విజయనగరంలో 1857లో పాఠశాలగా మొదలై 1879లో కళాశాలగా ఎదిగిన మహారాజా వారి విద్యాసంస్థ సంస్థానం పోషణలోనే నిలబడింది. ఆ కాలంలో తెలుగునాట పేద బ్రాహ్మణ బాలురు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరో ఇంట భోజనం. అలా చదివి పెద్దవారైనవారు ఆ సంగతిని గర్వంగా చెప్పుకున్నారు, చెప్పుకోవాలి కూడా. వారిని ఎవరూ ఆదాయ ధ్రువపత్రం అడగలేదు, హాజరు శాతం లెక్కించలేదు. కానీ ఆ గడపల్లో రెల్లి పిల్లవాడికో, పైడి, మాల పిల్లవాడికో వారం దొరికేది కాదు. గడపే తొక్కనివ్వని ఇంట్లో విస్తరి ఎవరు వేస్తారు? కులం నిరాకరించిన ఆ వారాన్ని ప్రభుత్వం ఆలస్యంగా చెల్లించడమే నేటి స్కాలర్‌షిప్. వారాలు చేసుకున్నవాడిది పట్టుదల, స్కాలర్‌షిప్ తీసుకున్నవాడిది పరాన్నజీవనం అనడం ఏ న్యాయం?

ఈ చెల్లింపు దానంతట అదే రాలేదు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా డాక్టర్ అంబేడ్కర్ 1942లో షెడ్యూల్డు కులాల కష్టాలపై ఒక వినతిపత్రం సమర్పించి, వారి ఉన్నత విద్యకు ప్రత్యేక నిధులు కోరారు. 1944 నుంచి అమల్లోకి వచ్చిన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు మూలం అక్కడుంది. సాయం తీసుకున్న విద్యార్థి బాధ్యత గురించి ఆయనకన్నా బాగా తెలిసినవారు కూడా లేరు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇచ్చిన వేతనంతోనే ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చదువు ముగిశాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం రాసిచ్చారు. మాట నిలబెట్టుకోవడానికి 1917లో బరోడా చేరారు కూడా. ఆ నగరంలో ఆయనకు ఉండడానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఒప్పందం తెగిపోయింది. తప్పినది విద్యార్థి కాదు. అతడి చదువుకు డబ్బు ఇవ్వగలిగిన వ్యవస్థ, అతడికి మనిషిగా చోటు ఇవ్వలేకపోయింది.

బరోడా చెప్పే పాఠం ఒకటే. బాధ్యత రెండు వైపులా ఉంటేనే అది ఒప్పందం. ఒక వైపే ఉంటే అది లొంగుబాటు.

ముందు విద్యార్థి వైపు చూద్దాం, మొహమాటం లేకుండా. మొదటి బాధ్యత సత్యం. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటినా తక్కువ చూపి ధ్రువపత్రం తెచ్చుకోవడం తెలివి కాదు, అపహరణ. కుల ధ్రువపత్రాల జారీపై మన రాష్ట్రంలో 1993లోనే చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడాది మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు పరిశీలనా సంఘాలు ఉండాలని ఆదేశించింది. నకిలీ ఎస్టీ పత్రంతో సంపాదించిన ప్రతి సీటూ సీతంపేట కొండల మీద సవర, జాతాపు పిల్లల నోటి దగ్గర కూడు. రెండోది, ఫీజు కోసం ఖాతాలో పడిన సొమ్మును ఫీజుకే కట్టడం. ఇంట్లో వైద్యం ఖర్చో వడ్డీ వ్యాపారి ఒత్తిడో ఉన్నప్పుడు ఇది ఎంత కఠినమో ఉద్దానం కుటుంబాలకు తెలుసు. అయినా ఆ డబ్బు పక్కదారి పడితే, ‘వీళ్లకు ఇస్తే ఇంతే’ అనడానికి కాచుకున్నవారికి మనమే సాక్ష్యం ఇచ్చినట్లవుతుంది.

మూడోది, తరగతికి హాజరు కావడం. ‘చేరితే చాలు, రానక్కర్లేదు’ అంటూ ప్రవేశాల కాలంలో ఊళ్ల మీదికి వచ్చే ఏజెంట్ల కాగితాల మీద సంతకం పెట్టడమంటే మన పేరును, మన కులాన్ని, మన నాలుగేళ్లను అమ్ముకోవడమే. ఆ బేరంలో కళాశాలకు ఫీజు వస్తుంది, విద్యార్థికి పట్టా వస్తుంది, చదువు మాత్రం రాదు. నాలుగోది అన్నింటికన్నా పెద్దది: వెనక్కి తిరిగి చూడడం. 1956 మార్చిలో ఆగ్రా సభలో అంబేడ్కర్ తన జాతిలో చదువుకున్నవారి పట్ల వెలిబుచ్చిన ఆవేదన ఈ బాధ్యత గురించే.

ఇక రెండో వైపు. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే సాయం ఆపే ప్రభుత్వం, తాను చెల్లించవలసిన గడువులో ఎంత శాతం పాటించింది? ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. సొమ్ము ఒకప్పుడు తల్లి ఖాతాకు, మరొకప్పుడు కళాశాల ఖాతాకు మారింది. బకాయి మాత్రం మారలేదు. ఆ బకాయి భారం మంత్రి మీద పడదు, యాజమాన్యం మీద పూర్తిగా పడదు. హాల్‌టికెట్ కోసం కార్యాలయం కిటికీ దగ్గర నిలబడిన అమ్మాయి మీద పడుతుంది. అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసినా, ఫీజు కడితేనే టీసీ అనే మాట ఆగలేదు. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు సాయాన్నే తీసేసింది. చేపల వేటకు తండ్రి గుజరాత్‌లోని వేరావల్‌లో, కూలికి తల్లి హైదరాబాద్‌లో ఉన్న ఇంట్లో, సచివాలయంలో వేలిముద్ర వేయడానికి ఎవరున్నారు? ఆ నిబంధన రాసినవారికి వలస తెలియదు.

గడువు పేదవాడికే ఎందుకు కఠినమవుతుందో 2024లో దేశమంతా చూసింది. ముజఫర్‌నగర్‌కు చెందిన దినకూలీ కొడుకు, ఒక దళిత విద్యార్థి, 17,500 రూపాయలు సమయానికి కట్టలేక ధన్‌బాద్ ఐఐటీలో సీటు కోల్పోయాడు. సుప్రీంకోర్టు 142వ అధికరణ కింద తన విశేషాధికారాన్ని వాడితే తప్ప అది తిరిగి రాలేదు. అంతకుముందు 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయిని ప్రస్తావిస్తూనే, ఒక మిత్రుడికి తాను ఇవ్వవలసిన సొమ్మును మరవలేదు. తనకు రావలసింది రాకపోయినా తాను ఇవ్వవలసింది గుర్తుంచుకున్నవాడు బాధ్యత లేనివాడా?

కనుక కావలసినది నీతిబోధ కాదు, ఉభయపక్ష ఒప్పందం. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం దీన్ని మొదలుపెట్టవచ్చు. ప్రవేశం రోజునే ఒక తెలుగు పత్రం ఉండాలి. దానిలో ఒక పక్క విద్యార్థి చేయవలసినవి: నిజమైన పత్రాలు, హాజరు, ఫీజు చెల్లింపు. మరో పక్క ప్రభుత్వం, సంస్థ చేయవలసినవి: సొమ్ము విడుదలయ్యే తేదీ, బకాయి కారణంగా పరీక్ష గానీ పత్రాలు గానీ ఆపబోమన్న హామీ, ఫిర్యాదు వినే అధికారి పేరు. వలస కుటుంబాలకు తనిఖీలో ప్రత్యామ్నాయం చూపాలి. సాయం పొందిన సీనియర్లు వారానికి రెండు గంటలు జూనియర్ల దరఖాస్తులు నింపడానికి, వెనుకబడిన పాఠాలు చెప్పడానికి కేటాయించాలి. దానిని షరతుగా కాక సంప్రదాయంగా నిలపాలి.

సాయం తీసుకున్న విద్యార్థి ఫ్లెక్సీ మీది నాయకుడికి రుణపడి లేడు. ఆ సొమ్ములో జీడిపిక్కల బట్టీ దగ్గర చేతులు కాల్చుకునే తల్లి కొన్న సరుకుల మీది పన్ను కూడా ఉంది. అతడు రుణపడింది తన వాడలో, తన గూడెంలో ఇంకా పదో తరగతి దాటని పిల్లకు. ఆ పిల్ల రేపు దరఖాస్తు పట్టుకుని వచ్చినప్పుడు ‘మీవాళ్లు ఇదివరకు ఇలా చేశారు’ అన్న మాట వినకుండా చూడడం విద్యార్థి బాధ్యత. ఆమెకు రావలసింది ఆమె చదువు ముగియకముందే అందించడం ప్రభుత్వ బాధ్యత. రెండోదాన్ని ఎగవేసినవారికి మొదటిదాని గురించి ఉపన్యాసం ఇచ్చే అర్హత లేదు.

(వ్యాసకర్త ఉత్తరాంధ్రలో విశ్వవిద్యాలయ ఆచార్యులు)