సోయాచిక్కుడుపై నీడ ప్రభావం: షేడ్‌నెట్ ఫలితాలు పొలానికి సరిపోతాయా?

ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల నల్లరేగడి నేలల్లో సోయాచిక్కుడును ఏకపంటగానే గాక కందితో అంతరపంటగా కూడా సాగు చేస్తారు. మొక్కజొన్నతోను, లేత పండ్ల తోటల్లోను దీనిని వేయాలన్న ఆలోచన వచ్చినపుడల్లా నీడ ప్రశ్న ఎదురవుతుంది. ఈ ప్రశ్నకు సమాధానాన్ని తరచుగా షేడ్‌నెట్ ప్రయోగాలలో వెతుకుతున్నారు. ఆ ఫలితాలు విలువైనవే అయినా, వాటినే రైతుకు సిఫారసుగా అందించడం సమంజసం కాదు.

నీడలో సోయాచిక్కుడు ఆకు పలుచబడుతుంది. స్తంభాకార కణాల పొర క్షీణించి, ఒక గ్రాము పొడి పదార్థానికి లభించే పత్ర వైశాల్యం పెరుగుతుంది. పత్రహరితం ఎ, బి నిష్పత్తి తగ్గుతుంది. ఇవన్నీ కొద్దిపాటి వెలుతురును ఒడిసిపట్టడానికి మొక్క చేసుకునే సర్దుబాట్లే తప్ప దిగుబడికి సూచికలు కావు. యూనిట్ వైశాల్యానికి ఆకు కిరణజన్య సంయోగక్రియా సామర్థ్యం తగ్గుతుంది. కనుక ఏపుగా పెరిగిన పైరును చూసి మంచి దిగుబడిని అంచనా వేయడం పొరపాటు.

షేడ్‌నెట్‌కూ పైరు నీడకూ మౌలికమైన భేదం ఉంది. సాధారణ నల్లని నెట్ అన్ని రంగుల కాంతిని ఇంచుమించు సమంగా తగ్గిస్తుంది. మొక్కజొన్న ఆకులు మాత్రం ఎరుపు కాంతిని అధికంగా గ్రహించి, దూర ఎరుపు కాంతిని చాలావరకు కిందికి వదులుతాయి. ఈ నిష్పత్తిలోని మార్పును సోయాచిక్కుడు ఫైటోక్రోమ్ ద్వారా గుర్తిస్తుంది. ఫలితంగా కాండం, ఆకు తొడిమలు సాగుతాయి; కొమ్మలు తగ్గుతాయి; బలహీనపడిన కాండం పడిపోతుంది. అంటే కాంతి తగ్గుదల శాతం ఒకటే అయినా, ఈ రెండు నీడల్లో మొక్క రూపం ఒకటి కాదు.

నీడ పడే దశ కూడా ముఖ్యమే. పూత, కాయ ఏర్పడే దశల్లో నీడ పడితే పూత, పిందె రాలి కాయల సంఖ్య తగ్గుతుంది. గింజ నిండే దశలో పడితే గింజ బరువు తగ్గుతుంది. కంది తొలి దశలో నెమ్మదిగా పెరుగుతుంది; అది విస్తరించేనాటికి సోయాచిక్కుడు కోతకు సమీపిస్తుంది. ఒకేసారి విత్తిన మొక్కజొన్న మాత్రం సోయాచిక్కుడు పూతకు రాకముందే దానిని మించిపోతుంది. ప్రయోగం పొడవునా ఒకే తీరున కప్పి ఉంచిన నెట్ ఈ రెండింటిలో దేనికీ ప్రతిరూపం కాజాలదు.

కాబట్టి నీడను తట్టుకునే రకాల ఎంపిక వాస్తవ అంతరపంట సాళ్ళలోనే జరగాలి. సోయాచిక్కుడు పైభాగాన అందే కాంతిని, ఎరుపు – దూర ఎరుపు నిష్పత్తిని దశలవారీగా కొలవాలి. పత్ర లక్షణాలతో పాటు కాయల సంఖ్య, గింజ బరువు, పైరు పడిపోయిన శాతం నమోదు చేయాలి. ఏకపంటలో మేలైన రకం నీడలోనూ మేలైనదన్న భావనను పరీక్షించకుండా అంగీకరించరాదు. విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి షేడ్‌నెట్ సరిపోవచ్చు; రైతు పెట్టుబడికి పూచీ పడవలసిన సిఫారసుకు మాత్రం పొలమే ప్రమాణం.