ముంపు అందరిది, పరిహారం పట్టాదారుది

కోరుట్ల ప్రాంతం నుండి వచ్చిన నా విద్యార్థి ఒకరు మొన్న తరగతి ముగిశాక ఆగి అడిగాడు: “సార్, మా నాయన కౌలుకు చేసిన మక్కచేను వరదకు పోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చిన సారు పాసుపుస్తకం ఎవరిదని అడిగి, పటేల్ పేరు రాసుకొని పోయిండు. ఇది చట్టం ప్రశ్నా, కులం ప్రశ్నా?”

రెండూ అన్నాను. మన గ్రామాల్లో పట్టా అనేది తరతరాల కుల చరిత్రకు రాతరూపం. భూమి ఒక కులం చేతిలో, సాగు మరో కులం చేతిలో ఉన్నచోట, కాగితాన్ని మాత్రమే నమ్మే పరిహారం ఎవరిని చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు. విపత్తు నిధి నిబంధనల ప్రకారం 33 శాతం, లేదా అంతకు మించి పంట పోతేనే సాయం. అదీ భూమి రికార్డును బట్టే. ప్రధానమంత్రి ఫసల్ బీమా నుండి మన రాష్ట్రం 2020లో తప్పుకున్నది. రైతుబీమా ఇచ్చే అయిదు లక్షలు పట్టాదారు మరణానికే. పంట చచ్చినా, కౌలుదారు చచ్చినా లెక్కలోకి రాదు.

2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు చెరువులైనప్పుడు ఇదే లెక్క మరో రూపంలో కనిపించింది. సాంచాల పరిశ్రమలో నూలు ఇచ్చేది యజమాని, సాంచాలు నడిపించేది ఆసామి, నేసేది కార్మికుడు. వరద నష్టానికి రక్షణ సాధారణంగా అగ్నిప్రమాద బీమాలోనే ఉంటుంది. పాలసీ, సరుకు రసీదులు ఉన్నవాడు క్లెయిము పెట్టుకోగలడు. ఆగిపోయిన కూలికి ఏ సర్వేయరూ విలువ కట్టడు.

ఇది మన దగ్గరి వింత కాదు. 2005 కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో పునర్నిర్మాణ సాయాన్ని ఇంటి పాత మార్కెట్ విలువతో ముడిపెట్టారు. నల్లజాతి వాడల్లో ఇళ్ల ధర తక్కువ కాబట్టి సాయమూ తక్కువైంది. కోర్టుకెక్కాక 2011లో రాజీ కుదిరింది.

వానాకాలానికి ముందు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకెక్కించమని, సర్వేయరు చూసేదాకా తడిసిన సరుకు పారేయవద్దని అధికారులు చెబుతారు. మంచి మాటే. కాగితమే లేనివాడు ఏం కట్టాలి? అద్దె ఇంట్లోని సామానుకు సైతం వరద రక్షణ ఇచ్చే ‘భారత్ గృహ రక్ష’ పాలసీ 2021 నుండి ఉన్నది. జగిత్యాల చుట్టుపక్కల పల్లపు వాడల్లో ఆ పేరు విన్నవారు నాకింతవరకు తారసపడలేదు.

కొత్త చట్టం కూడా అక్కరలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం, యజమాని సంతకం లేకుండానే కౌలుదారుకు ఏడాది కార్డు ఇమ్మంటుంది. రుణం, బీమా, నష్టపరిహారం దానిపైనే పొందవచ్చు. రాష్ట్రం వచ్చాక ఆ కార్డుల జారీ దాదాపు ఆగిపోయింది. జూన్ లోపు ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి, దున్నేవారి పేర్లు రాసి, పంచాయతీ గోడకు అంటించాలి. పటేళ్లు అడ్డుపడతారు. వారి ఓట్లకు భయపడే పార్టీలను, ఈ ఎన్నికల్లోనైనా, విద్యార్థులు పేరు పెట్టి అడగాలి.