ఉన్న రంగుకే సింగారం

ఎండలు ముదిరాయి కాబట్టి ఈ సంచికలో సన్‌స్క్రీన్‌కు పెద్దపీట వేశాం. ఎస్‌పీఎఫ్ 30 క్రీము చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను 97 శాతం దాకా ఆపుతుంది. అయితే ధారాళంగా రాసుకోవాలి, ఎండలో తిరిగితే రెండు గంటలకోసారి మళ్ళీ పూసుకోవాలి.

క్రీముల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి: ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరు 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది గానీ, తెలుపు మీద మోజు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. పెళ్ళిచూపుల కోసం డాక్టరును అడగకుండానే స్టెరాయిడ్ క్రీములు పూసుకుని, చర్మం పల్చబడి బాధపడే అమ్మాయిలున్నారు. ఇది మమ్మల్ని నిజంగా కలవరపెడుతోంది. అందుకే ఈ సంచికలో రాసినవారెవరూ తెల్లబడే ఉపాయాలు చెప్పరు. సున్నిపిండి, కాటుక, మాయిశ్చరైజర్, ఏది వాడినా ఎందుకు నచ్చిందో చెబుతారు. చామనఛాయకు నప్పే లిప్‌స్టిక్ రంగుల మీద సాగిన చర్చ మాకెంతో ఇష్టం. మెరూనా, ఇటుక ఎరుపా? మీ మాటా రాయండి.