చేప పుట్టుపూర్వాలు

తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాణ్ణి, కేవలం పోలికలు చూసి ఇంకెవరి ఇంటికో అప్పగిస్తే ఎలా ఉంటుంది? అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒక చేప విషయంలో అలాటి పొరపాటే జరిగింది.

ఆ చేప పేరు గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ ట్రౌట్. చల్లని కొండవాగులు దాని నివాసం. దవడ కింద కత్తితో గీసినట్టు ఎర్రని చార ఉంటుంది. గనుల మురికి నీటివల్లా, విపరీతంగా పట్టటంవల్లా, బయటినుంచి తెచ్చి వదిలిన చేపల మూలానా దాని సంతతి క్షీణించింది. 1937లో ఇక అది లేనే లేదనుకున్నారు. తరవాత కొన్ని వాగుల్లో అలాటి చేపలే కనిపించాయి. అధికారులు సంతోషించి, వాటిని పెంచి, ఎన్నో ఏళ్లపాటు వాగుల్లో వదిలారు.

కాని అవి అసలైనవేనా? కట్‌త్రోట్‌లలో చాలా రకాలున్నాయి. చూపుకు వాటిని పోల్చటం కష్టం. అయితే ప్రతి ప్రాణి శరీరంలోనూ డి.ఎన్.ఏ. అనే పదార్థం ఉన్నది. అది ఆ ప్రాణి వంశాన్ని తెలుపుతుంది. చేప రెక్క చివర చిన్న ముక్క కత్తిరించి పరీక్షిస్తే చాలు. చేపకు ప్రాణభయం లేదు.

మరి దేనితో పోల్చాలి? 1857 మొదలు 1889 వరకు పట్టిన చేపలు మ్యూజియంలలో భద్రంగా ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వాటి డి.ఎన్.ఏ.ను పరీక్షించి, 2012లో ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టారు. ఇన్నాళ్లూ వదిలినవి వేరే రకాలు! చాలామటుకు, రాకీ పర్వతాల అవతలి వాగులకు చెందినవి.

అసలు చేప ఒక్క బేర్ క్రీక్ అనే వాగులోనే మిగిలింది. అక్కడ ఉన్నవి వెయ్యి లోపే. తమాషా ఏమిటంటే, ఆ వాగు దాని స్వస్థలం కాదు! 19వ శతాబ్దం చివర, హోటలు పెట్టుకున్న ఒకాయన తెచ్చి వదిలిన చేపల సంతతి అది.

అప్పుడు వాటి గుడ్లు సేకరించి పిల్లలను పెంచారు. 2014లో వాటి స్వస్థలమైన సౌత్ ప్లాట్ నదీప్రాంతంలో, జిమ్మర్‌మన్ సరస్సులో వదిలారు. మరికొన్నిటిని హెర్మన్ గల్చ్ అనే వాగులో వదిలితే, అవి అక్కడ తమంతట తామే పిల్లలను కంటున్నట్టు 2022లో తెలిసింది.

నూటయాభై ఏళ్ల కిందట ఆ చేపలను పట్టి దాచినవారికి డి.ఎన్.ఏ. మాటే తెలియదు. అయినా ఏ చేప ఎక్కడ దొరికిందో రాసి ఉంచారు. ఆ రాతే ఈనాడు ఒక జాతికి దాని ఇల్లు చూపింది.